ఊకనే అని రాసిన కాగితం

ఉడుకుతున్న మైదా జిగురు వాసనను ముందు నా ముక్కు గుర్తుపడుతుంది, ఆ తర్వాత నేను. పోయిన నెల నాచారంలో ఒక షెడ్డు గడప దాటగానే ఆ వాసన తగిలింది, కాస్త పుల్లగా, కాస్త అడుగంటినట్టుగా, పురుగు పట్టకుండా కలిపే మైలుతుత్తం ఘాటుతో. అట్టపెట్టెలు చేసే చిన్న కంపెనీ అది. అలాంటి చోట్లకు వెళ్లి, పని ఎక్కడ ఆగుతోందో, ఎవరు ఎందుకు అటూ ఇటూ తిరుగుతున్నారో, ఏ వస్తువు ఎక్కడ పెడితే వెతుకులాట తప్పుతుందో చూసి చెప్పడం నా ఉద్యోగం. ఉప్పల్ నుంచి మల్లాపూర్ దాకా చిన్నాచితకా కంపెనీలవాళ్లు నన్ను పిలుస్తుంటారు, బాగానే చేస్తానని పేరు కూడా ఉంది. ఆ షెడ్డు యజమాని నా మొహం చూసి "వాసన జర ఇబ్బందిగనే ఉంటది మేడం, రెండు రోజులైతే అలవాటైతది" అన్నాడు. తలూపాను. ఆ వాసనలోనే పుట్టి పెరిగానని అతనికి చెప్పలేదు, చెప్పాలనీ అనిపించలేదు. ఈ మధ్య నాకు చాలా విషయాలు అలాగే ఏమీ అనిపించకుండా పోతున్నాయి.

మా షెడ్డు మల్లాపూర్‌లో ఉండేది. నాయిన జనగాం దిక్కు నుంచి పనికోసం వచ్చి, ఏళ్ల తరబడి ఒకరి దగ్గర అట్టపెట్టెల పని నేర్చుకుని, చివరికి తనే ఒక రేకుల షెడ్డు వేశాడు. ముందు కంపెనీ, వెనక రెండు గదుల ఇల్లు, మధ్యలో ఒక తలుపు, ఆ తలుపుకు ఏ కాలంలోనూ గడియ పెట్టిన గుర్తు లేదు. కాబట్టి నన్ను నిద్ర లేపే కోడి మా రోలు మిషనే, గోధుమరంగు కాగితాన్ని మింగి అలలు అలలుగా మడతపెట్టి బయటికి తోసేటప్పుడు అది చేసే గరగర చప్పుడు ఇంట్లో గిన్నెలను కూడా కదిలించేది. అమ్మ ఒక పొయ్యి మీద అంబలి, ఇంకో పొయ్యి మీద డ్రమ్ములో జిగురు కాచేది, రెంటినీ ఒకే తీరుగా తిప్పేది, ఉండ కడితే రెంటినీ ఒకే తీరుగా తిట్టేది. ఎండాకాలం రేకులు కాలిపోయి, అట్టలు అప్పడాల్లా టకటకా ఆరిపోయేవి, వానాకాలం వచ్చిందంటే మాత్రం కాగితం, జిగురు, గోడ, మా బట్టలు, బడి పుస్తకాలు అన్నీ ఒకే చెమ్మ పట్టి, ఏది ముట్టుకున్నా చల్లగా మెత్తగా తగిలేది.

మాకు బొమ్మలు లేవన్న దిగులు ఎప్పుడూ లేదు. కొలత తప్పి పక్కన పడేసిన పెట్టెలే మాకు ఇల్లు, బస్సు, బడి, దవాఖానా. పెద్ద పెట్టెలో నన్ను కూర్చోబెట్టి మా తమ్ముడు ఈ కొస నుంచి ఆ కొసకు ఈడ్చేవాడు, కింద అట్ట అరిగి నా గౌను చిరిగేదాకా ఆ బస్సు ఆగేది కాదు. సద్దుల బతుకమ్మ నాడు పనిచేసే ఆడవాళ్లు ఇళ్ల నుంచి సత్తుపిండి, మలీద ముద్దలు తెచ్చి, ఒక కొత్త కాగితం రోలు లాగి నేల మీద పరిచి దాని మీదే పెట్టేవాళ్లు, నెయ్యి మరకలు పడిన ఆ కాగితాన్ని మరునాడు నాయిన జాగ్రత్తగా కత్తిరించి మంచి ముక్కను వాడుకునేవాడు. దసరానాడు మిషన్లకు పసుపు కుంకుమ, గుమ్మడికాయ, ఆ రోజు కత్తెర కూడా ముట్టనిచ్చేవాడు కాదు. నాయిన చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు ఉండేది, స్నానానికి పోయినా దాన్ని తీయడం మరిచిపోయేవాడు. మంచివాడే, కానీ కోపం వస్తే అరిచేవాడు కాదు, మాట్లాడడం మానేసేవాడు. సొంత తమ్ముడు ఒకసారి ఏదో దాచాడని తెలిసి, మూడేళ్లు అతని మొహం చూడలేదు. మా చిన్నాయిన వచ్చి గుమ్మంలో నిలబడితే, నాయిన అతని పక్క నుంచే, గోడ పక్క నుంచి నడిచినట్టు నడిచి వెళ్లిపోయేవాడు. అమ్మ కొట్టే దెబ్బలకు నేను ఎప్పుడూ భయపడలేదు, నా భయమంతా నాయిన అలా నడిచి వెళ్లడం గురించే.

పనివాళ్లలో నాకు బాగా దగ్గర సుగుణమ్మ, నేను సుగుణత్త అనేదాన్ని. మెదక్ దిక్కు మనిషి, నలభై ఏళ్లుంటాయేమో అప్పటికి. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి పోయేది, మిగిలిన ఆరు రోజులూ మా షెడ్డులో పిన్ను మిషను మీద కూర్చునేది. అట్ట అంచులు రెండూ కలిపి మిషను కింద పెట్టి కాలితో తొక్కితే రాగి తీగ టక్కున దిగి పెట్టె అయ్యేది. క్రిస్మస్‌కు గారెలు, అరిసెలు తెచ్చి మొదటిది నా నోట్లోనే పెట్టేది. ఆమెకు ఒక అలవాటు ఉండేది. కూర్చున్నది కూర్చున్నట్టే లేచి, జిగురు పెట్టి ఆరేయడానికి ఒకదాని మీద ఒకటి పేర్చిన అట్టల దొంతర దగ్గరికి పోయి, మధ్యలో చెయ్యి దూర్చి, కళ్లు మూసుకుని ఒక్క క్షణం నిలబడేది. తర్వాత కొన్ని అట్టలు తీసి పైవి కిందికి, కిందివి పైకి మార్చి, ఏమీ జరగనట్టు మళ్లీ వచ్చి కూర్చునేది. రోజుకు ఆరేడుసార్లు. ఒక వానాకాలం నేను వెంటపడి అడిగితే నా చెయ్యి పట్టుకుని దొంతరలోకి దూర్చింది.

"జొరమొచ్చిన పిల్ల కడుపు లెక్క లేదా?"

"ఉన్నది అత్తా."

"గట్ల ఎచ్చగుంటె లోపట తడి ఆరలేదన్నట్టు. నడుమయి తీసి పైకి ఎయ్యాలె. లేకుంటె బూజు పడ్తది."

అంతే. ఎవరూ ఆమెకు చెప్పిన పని కాదు, ఎవరూ అడిగింది కాదు, నాయినకు కూడా ఆమె అలా లేస్తుందని తెలుసుగానీ ఎందుకు లేస్తుందో తెలియదు. పెట్టెలు బాగా వస్తున్నంత కాలం ఎవరు ఎందుకు అడుగుతారు?

నాకు పదకొండో ఏడు నడుస్తున్న ఎండాకాలంలో మా షెడ్డుకు ఒక పెద్దాయన వచ్చాడు. మా పెట్టెల్లో ఎక్కువ భాగం కొనే మందుల కంపెనీ ఒకటి ఉండేది, సరుకు ఆలస్యమవుతోందని విసిగి, మా మనిషి వచ్చి చూస్తాడు, ఆయన చెప్పినట్టు చెయ్యండి అని ఆయన్ను పంపింది. ఏదో పెద్ద ఫ్యాక్టరీలో చేసి రిటైరైన మనిషి, నిండు చేతుల చొక్కా, జేబులో రెండు పెన్నులు, ఎవరినీ కసురుకోని గొంతు. పనివాళ్లు ఆయనకు పద్ధతుల సారు అని పేరు పెట్టారు. ఆయన్ను చెడ్డవాడిగా చూపించాలని నాకు లేదు, నిజానికి ఆయన వల్ల మేలే ఎక్కువ జరిగింది. అప్పటిదాకా మా షెడ్డులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎక్కువసార్లు వినిపించే మాట "కత్తెర ఏడబెట్టిన్రు?" అన్నదే. సారు ఒక చెక్క పలక తెప్పించి, దాని మీద కత్తెర, సుత్తి, పట్టుకారు బొమ్మలు గీయించి, ఏ బొమ్మ మీద ఆ వస్తువే వేలాడాలన్నాడు. ఖాళీ బొమ్మ కనిపిస్తే ఎవరో తీసుకుని తిరిగి పెట్టలేదన్న మాట. నేల మీద పసుపు గీతలు గీయించాడు, నడిచే దారి ఇది, సరుకు ఉండే చోటు ఇది అని. వారంలో వెతుకులాట ఆగిపోయింది. నాయిన మొహంలో వెలుగు చూసి అమ్మ "ఇంట్ల గూడ గీతలు గియ్యమను మీ సారును, నీ చెప్పులన్న దొర్కుతయ్" అని ఆటపట్టించింది.

ఆ తర్వాత సారు మూడు రోజులు టైము చూడాలన్నాడు. ఎవరు పనిలోంచి ఎన్నిసార్లు లేస్తున్నారు, ఎంతసేపు, ఎందుకు. పెద్దవాళ్లు గడియారం పట్టుకుని ఎదురుగా నిలబడితే మనుషులు బెదిరి మామూలుగా పనిచేయరట, చిన్నపిల్ల అయితే ఎవరూ పట్టించుకోరట. బడి సెలవుల్లో ఇంట్లో ఉన్న నా మెడలో ఆయన తన స్టాప్‌వాచీ వేశాడు. అట్ట ముక్కకు క్లిప్పుతో బిగించిన కాగితం ఇచ్చాడు, దాని మీద నాలుగు గడులు: పేరు, లేచిన టైము, కూర్చున్న టైము, ఎందుకు. నా రాత చూసి "ముత్యాల్లా ఉన్నాయి" అన్నాడు. మా బడిలో ఎవరూ అనని మాట అది. ఒక్క నియమం మాత్రం గట్టిగా చెప్పాడు, వాళ్లు చెప్పిందే రాయి, నీకు అనిపించింది రాయకు.

మొదటి రోజు రోలు మిషను యాదగిరి బీడీకి లేచాడు, బీడీ అని రాశాను. ఇంకో ఆవిడ నీళ్లకు లేచింది, నీళ్లు అని రాశాను. సుగుణత్త లేచి దొంతర దగ్గరికి పోయి, చెయ్యి దూర్చి, అట్టలు మార్చి తిరిగి వచ్చింది. సారు నా వెనకే నిలబడి ఉన్నాడు.

"ఎందుకు లేచినవ్ అత్తా?" అని అడిగాను, కొత్త ఉద్యోగస్తురాలి గొంతుతో.

ఆమె ముందు సారు వైపు చూసింది, కొంగు భుజం మీదికి లాక్కుంది. "ఏం లేదు బిడ్డా, ఊకనే" అంది.

మావాళ్ల సంగతి తెలిసినవాళ్లకు ఆ మాట కొత్త కాదు. పెద్దవాళ్లు, చదువుకున్నవాళ్లు, సార్లు వచ్చి ఏం చేస్తున్నవని అడిగితే మావాళ్ల నోట మొదట వచ్చేది అదే. బావి తవ్వుతున్నా ఊకనే, బిడ్డను కంటున్నా ఊకనే. నేను ఇంత పని చేస్తున్నానని చెప్పుకోవడం గొప్పలకు పోవడం, పైగా చెప్పింది తప్పయితే ఎవరు తిట్లు పడాలి? అడిగినవాళ్ల ముందు మన పనిని చిన్నది చేసి చూపడం మర్యాద, భయం కూడా. సారు వేరే దిక్కు మనిషి, ఆయనకు ఆ సంగతి తెలియదు. నాకు తెలుసు. ఆమె ఎందుకు లేచిందో కూడా తెలుసు, నా చెయ్యి ఆ దొంతరలో పెట్టించిందే ఆమె. పెన్సిలు కాగితం మీద ఆగింది. వెనక ముత్యాలన్న మనిషి నిలబడి ఉన్నాడు, వాళ్లు చెప్పిందే రాయమన్నాడు. గుండ్రంగా, ఒత్తులు లేని ఆ మూడక్షరాలూ అందంగా రాశాను, ఊకనే. రెండోసారి ఆమె లేచినప్పుడు అడగనైనా అడగలేదు, పైదే అని రెండు చుక్కలు పెట్టాను. మూడు రోజులూ ఆమె పేరు కింద ఆ చుక్కలే.

సారు అన్నీ కూడి చూసి, సుగుణమ్మ రోజూ ముప్పావుగంట పైగా ఏ కారణం లేకుండా తిరుగుతోందని తేల్చాడు. తిట్టలేదు, బహుశా దొంతర దారిలో ఉండడం వల్లే మనసు అటు పోతోందని, దాన్ని వెనక గోడకు జరిపించి, పిన్ను మిషన్లవాళ్లు పసుపు గీత దాటకూడదని పెట్టాడు. నాయిన "కూసున్నకాడ కూసో సుగుణమ్మా" అన్నాడు. ఆమె "సరే సారూ" అంది. పెట్టెల లెక్క పెరిగింది, సరుకు టైముకు పోయింది, సారు నాకు బిస్కెట్ల పొట్లం ఇచ్చి, గడియారం తీసుకుని సెలవు పుచ్చుకున్నాడు. నిండు ఎండాకాలం కాబట్టి అట్టలు వాటంతట అవే ఆరాయి. నేను ఆ బిస్కెట్లు పాలలో ముంచుకుని తిన్నాను, బాగున్నాయి.

వాన పట్టిన రెండో వారమో, మూడో వారమో, మందుల కంపెనీకి పోయిన లారీ అదే సరుకుతో తిరిగి వచ్చింది. పెట్టెలు దించుతుంటేనే అడుగులు ఊడి పడ్డాయి. చించి చూస్తే లోపలి పొరల మీద బూడిదరంగు, ఆకుపచ్చ నూగు. షెడ్డంతా పాత చెప్పుల వాసన. వెనక గోడ దగ్గర దొంతర తీసి చూస్తే పైన నాలుగు, కింద నాలుగు మంచివి, నడుమవన్నీ బూజు. మందుల పెట్టెలకు బూజంటే మాటలు కాదు, ఆ కంపెనీ ఇక మీతో పని లేదని ఫోను పెట్టేసింది. నాయిన చెవి మీది పెన్సిలు తీసి చేత్తో విరిచాడు. అందరినీ నిలబెట్టాడు.

"ఇన్నేండ్ల సంది రాని బూజు ఇప్పుడెందుకొచ్చింది?"

యాదగిరి "సుగుణమ్మ మారుస్తుండె సార్ అట్టలు. ఇప్పుడు మారుస్తలేదు" అన్నాడు.

నాయిన ఆమె వైపు తిరిగాడు. "నీకు తెల్సా గిట్లైతదని?"

"తెల్సు సారూ."

"ఎవ్వలికన్న జెప్పినవా?"

నేను అమ్మ పక్కన జిగురు డ్రమ్ము దగ్గర నిలబడి ఉన్నాను. సుగుణత్త నా వైపు చూసింది. ఎక్కువసేపు కాదు, సూదిలో దారం ఎక్కించేంత సేపు. నా పేరు చెప్పబోతోందనుకున్నాను. నాయిన రేపటి నుంచి నా పక్క నుంచి గోడ పక్క నుంచి నడిచినట్టు నడుస్తాడనుకున్నాను.

"లేదు సారూ. ఎవ్వలికి జెప్పలే" అంది.

"ఇంత తెల్సి నోరు మూసుకున్నవంటె నా కంపెనీ మునగాలనే గదా. రేపటి సంది రాకు."

ఆమె తన మిషను దగ్గరికి నడిచింది. ఒడిలో కట్టుకునే గుడ్డ విప్పి మడిచి మిషను మీద పెట్టింది, టిఫిను గిన్నె తీసుకుంది, అమ్మతో "పోయొస్త వదినా" అని వానలోకి దిగింది. అత్తా ఆగు అని రెండు మాటలు, నాకు చెప్పింది నాయినా అని మూడు మాటలు, అవి నోట్లోనే ఉన్నాయి. నేను అనలేదు. ఆ మధ్యాహ్నం అమ్మ పచ్చిపులుసు చేసింది, రెండుసార్లు వడ్డించుకుని తిన్నానని బాగా గుర్తు. ఏడవలేదు. ఏడుపు రాకపోవడం నాకు అప్పుడే మొదలైందో, ముందు నుంచీ ఉందో చెప్పలేను.

తర్వాత నాయినే రోజూ దొంతరలో చెయ్యి దూర్చి చూడడం నేర్చుకున్నాడు. మందుల కంపెనీ తిరిగి రాలేదుగానీ చిన్న చిన్న బేరాలతో షెడ్డు ఇంకొన్నేళ్లు నడిచింది, నా చదువు దాని మీదే సాగింది. సుగుణత్త నాకు చెప్పిందన్న సంగతి మాత్రం నేను నాయినకు ఏనాడూ చెప్పలేదు. పెద్దయ్యాక అన్ని పనులూ వదిలి ఈ పనిలోకే ఎందుకు వచ్చానో నాకు తెలియదు, ప్రాయశ్చిత్తం అంటే అబద్ధమవుతుంది, ఉద్యోగం దొరికింది, చేరాను. నా కాగితాల మీద ఇప్పటికీ ఎందుకు అన్న గడి ఉంటుంది, ఇప్పటికీ సగం మంది ఏం లేదు మేడం అనే అంటారు. అయితే నేను వాళ్లు చెప్పింది రాసి ఊరుకోను. రెండు రోజులు వాళ్ల పక్కనే కూర్చుంటాను, వాళ్లు లేస్తే నేనూ లేస్తాను, వాళ్లు ఎక్కడ చెయ్యి పెడితే అక్కడ పెడతాను. నా దగ్గర కొత్తగా చేరిన పిల్లలకు ఈ పద్ధతి మరీ నిదానంగా అనిపిస్తుంది.

నాచారం షెడ్డులో అలా పిన్ను మిషను పక్కన కూర్చున్నప్పుడే ఆ మిషను మీది ఆవిడ మాటల్లో, ఒకప్పుడు మల్లాపూర్‌లో ఇదే పని చేసిన సుగుణమ్మ పేరు వచ్చింది. వాళ్లది ఒకే చర్చి అట, ముసలామె జవహర్‌నగర్‌లో కొడుకు దగ్గర ఉంటోందట. ఆ ఆదివారం వెళ్లాను. చెత్త లారీలు పోయే రోడ్డు నుంచి లోపలికి రెండు సందులు, నీలం తలుపు ఇల్లు. ఆమె చర్చి నుంచి ఇంకా రాలేదు. కోడలు కుర్చీ వేసి, ఏ కంపెనీ మీదని అడిగి, చెప్పగానే గుర్తుపట్టింది.

"మీ కంపెనీ ఇడ్శినంక మల్ల యాడ పని దొర్కలేదట అత్తమ్మకు. మల్లాపూర్ల, నాచారంల ఉన్న డబ్బాల కంపెనీలన్ని తిరిగిందట. ఏం పనొస్తదని అడిగితె పిన్నులు కొట్టుడొస్తది అని చెప్తుండెనట. దానికి వయసు పిల్లలు మస్తుమంది ఉన్నరమ్మా అని పంపిచ్చేటోల్లట. గప్పటి సంది ఈడ చెత్తల అట్టలు, ప్లాస్టిక్ ఏరుడే. మొన్నమొన్నటిదాక చేసింది."

అట్టల గురించి తనకు తెలిసింది ఒక పని అని, దాన్ని చెప్పుకోవచ్చని ఆమెకు తోచలేదు. దానికి పేరు లేదు. ఆ పేరు పడాల్సిన, ఎందుకు అన్న గడిలో నేను ఊకనే అని రాశాను.

ఆమె వచ్చింది. తెల్లచీర, సన్నబడ్డ మెడ, చేతిలో అరిగిన బైబిలు. నన్ను చూసి ఒక్క నిమిషం ఆగి, "స్వరూపవా?" అంది. పక్కన కూర్చుని నా చేతులు నిమిరింది, పెండ్లైందా, పిల్లలెంతమంది అని అడిగింది. నేను వచ్చిన పని వాయిదా వేస్తే మళ్లీ చెప్పలేనని తెలిసి, మధ్యలోనే అన్నాను, "అత్తా, నువ్వు నాకు చెప్పినవ్. నాకు తెల్సి గూడ కాగితం మీద ఊకనే అని రాసిన."

"ఎర్కే" అంది. "నువ్వు రాస్తుంటె సూసిన. సదువొస్తది గద నాకు."

"మరి నాయిన అడిగితె నా పేరెందుకు చెప్పలే?"

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది, చాలా చిన్న సంగతి చెప్తున్నట్టు చెప్పింది. "చెప్తె మీ నాయిన నీతోని మాట్లాడకపోతుండె. ఆయన కోపం నాకు తెల్వదా? పని యాడనన్న దొర్కుతది బిడ్డా. నాయిన నీకు ఒక్కడే గద."

కోడలు ఛాయ్ గ్లాసులు మా ముందు పెట్టి, నా వైపు చూడకుండా వంటింట్లోకి పోయింది. ఇప్పుడైనా నాకు ఏడుపు రావాలి. ఎదురుచూశాను. రాలేదు. మా షెడ్డు ఉన్నచోట ఇప్పుడు పార్సిళ్ల గోదాము ఉంది, రోలు మిషను పాత ఇనుము కింద పోయింది, ఆ తలుపు, ఆ రేకులు, ఆ ఆడవాళ్లు కాగితం పరుచుకుని కూర్చున్న నేల, ఏవీ లేవు. అవన్నీ ఆమెకు ఒకటొకటిగా చెప్పాను, ఆమె అయ్యో అయ్యో అంటూ విన్నది.

"అవి పోతె పోయినయ్ తియ్యి. మీ నాయిన మంచిగున్నడా?" అని అడిగింది. "నీతోని మంచిగుంటడా?"

"మంచిగున్నడు అత్తా" అన్నాను. "రోజు మాట్లాడ్తడు."

నాయిన పోయి నాలుగేళ్లవుతోంది.